హారన్ మీంచి చెయ్యి తీయించండి

మా బరంపురంలో కారు నేర్పడమంటే సగం పని హారన్ మానిపించడమే. ఎదురుగా చూపులేనివాళ్లు పట్టే తెల్లకర్ర కనబడిందంటే చాలు, కొత్తవాడి చెయ్యి అక్కడికే పోతుంది. చూపులేని మనిషి బండ్ల చప్పుడు బట్టే దారి పోల్చుకుంటాడు. హారన్ మోగితే ఆ చప్పుళ్లన్నీ మునిగిపోతాయి, ఉలిక్కిపడి కాస్త తిరిగాడంటే ఎటు దాటాలో కూడా తప్పిపోతుంది.

మీ పిల్లలకి మీరే నేర్పుతుంటే ఇది నోటితో చెప్పి ఊరుకోకండి. నేనైతే గిరి రోడ్డులో బండి పక్కకి తీయించి, ఇంజన్ ఆపించి, అద్దాలు దించి కళ్లు మూసుకోమంటాను. "వచ్చేది ఆటోనా, బస్సా? ఎటు నుంచి?" ఒకటి రెండు సరిగ్గానే చెబుతారు. అప్పుడు హారన్ నొక్కిపట్టి, "ఇప్పుడు చెప్పు నాయనా" అంటాను. ఈ-రిక్షా అయితే హారన్ లేకుండానే ఓడిపోతారు. అది పక్కకొచ్చేదాకా వినబడదు. ఇంట్లో బ్యాటరీ కారున్నవాళ్లకి ఈ పాఠం రెండుసార్లు.

ఆపడం సంగతి. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు, కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది. అందుకని కర్ర కనబడగానే యాక్సిలరేటర్ వదిలేయాలి. జీబ్రా గీతలకి బాగా ఇవతల, పూర్తిగా ఆగాలి. ఇంచీ ఇంచీ జరపడం, ఇంజన్ గుర్రుమనిపించడం పనికిరాదు. మా ఒడియా పిల్లలకి "ఆస్తే ఆస్తే" (మెల్లమెల్లగా) అనే మాట ఇక్కడ మాత్రం చెప్పను, ఆగమంటాను.

"రండి రండి" అని చెయ్యూపితే ఆయనకి కనబడదు. కేకెయ్యడమూ వద్దు. మీవాడు ఆగాడు సరే, సందులోంచి దూరే బైకువాడు ఆగాడా? ఎప్పుడు దాటాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. సాయం చేయాలనిపిస్తే బండి పక్కన పెట్టి, దిగి, అడిగి, మోచెయ్యి అందించాలి. రెక్క పట్టుకు లాగకూడదు.

కర్ర పొడుగునా ఎర్రచారలుంటే వినికిడి కూడా లేదని గుర్తు. మామూలు తెల్లకర్రకీ అడుగున ఎర్రముక్క ఉంటుంది, అది వేరు. కర్రే పట్టనివాళ్లూ ఉంటారు, మసక చూపువాళ్లకి సందె వేళ మరీ కష్టం.

"ఇదంతా రూల్లో ఉందా?" అనే తండ్రులకి జవాబు: ఇంత వివరంగా కాదు గానీ, అసలు మాట ఉంది. 2017 డ్రైవింగ్ నిబంధనల్లో పాదచారులు, ముసలివాళ్లు, వికలాంగుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలనే రాశారు.

పార్కింగ్ ఎవరూ నేర్పరు. బజారులో వెనక డాలా (సామాను ఎక్కించే తలుపు) దించి వదిలేసిన ట్రాలీ ఆటోని చూడండి. కర్ర దాని కిందనుంచి ఖాళీగా పోతుంది, ఇనప అంచు నేరుగా కడుపుకి తగులుతుంది. డాలా ఎత్తించండి, ఫుట్‌పాత్ మీద చక్రం ఎక్కనివ్వకండి.