ఫ్రీజర్‌లో పాత పుస్తకాలు

జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవంలో కొత్తవి, మిగతా ఏడాదంతా లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో పాతవి. నా కొనుగోళ్లు ఇంతే. కొత్తవాటితో గొడవ లేదు. పాతవాటితోనే సిల్వర్‌ఫిష్ ఇంట్లోకొచ్చింది. ఈ వెండిరంగు పురుగుకు బైండింగ్‌లోని మైదా జిగురంటే మహా ఆశ. పైగా బెజవాడ ఉక్కపోత దానికి పుట్టిల్లు.

కలరా ఉండలు వేస్తే పురుగు సంగతేమో గానీ, చదివే నాకు తలనొప్పి వచ్చింది. చివరికి పనిచేసింది ఫ్రీజరే. పుస్తకాన్ని జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి, వారం పాటు మైనస్ 18 డిగ్రీల్లో ఉంచుతాను. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకూడదు, విప్పితే అట్ట మీద చెమ్మ పడుతుంది. చేపముక్కల పక్కన నవలలేమిటని అమ్మ సణుగుడు వేరే.

చెమ్మకు పట్టే బూజుకు మాత్రం చలి మందు కాదు, నిద్రపుచ్చుతుందంతే. అలాంటి పుస్తకాన్ని నీడలో గాలికి ఆరబెట్టి, మాస్క్ పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో ఆరుబయట దులుపుతాను. అల్మరాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరిపాను. ముక్కిపోయిన వాసనొచ్చే పుస్తకాన్ని ఎంత చవగ్గా ఇస్తామన్నా ఇప్పుడు కొనడం లేదు, మళ్లీ దొరకదనిపిస్తే తప్ప.