ఇంట్లోనే చెక్క కెనూ: మొదటిసారి చేసేవారికి

రెండు కొనలూ కోసుగా ఉండి, తెడ్డుతో నడిచే సన్నని పడవే కెనూ. దాన్ని కట్టే పద్ధతులు చాలా ఉన్నా, కొత్తవారికి అనువైనది కుట్టి అతికించే పద్ధతి. ప్లైవుడ్ పలకలను రాగితీగతో కుట్టి, కీళ్లను ఎపాక్సీతో (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో) అతికించి, ఆ తర్వాత తీగలు పీకేస్తారు. 1960ల మొదట్లో వచ్చిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవతో ఈ పద్ధతి ఇంట్లో పని చేసుకునేవారికి బాగా దగ్గరైంది. సన్నని దేవదారు బద్దలు పేర్చి కట్టే కెనూ ఇంతకన్నా అందంగా ఉంటుంది, కాదనలేం. కానీ దాని పని రెండింతలు. దాన్ని రెండో పడవకు ఉంచుకోండి.

కొలతలన్నీ ఉన్న ప్లాను ఒకటి కొనండి. సొంతంగా గీసే సాహసం ఇప్పుడు వద్దు.

కావలసినవి

15 అడుగుల కెనూకి 8 × 4 అడుగుల మెరైన్ ప్లైవుడ్ షీట్లు 3 చాలు, మందం 4 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 ముద్ర ఉన్నవి తీసుకోండి. అనుమానముంటే చిన్న ముక్కను గంటసేపు నీళ్లలో మరిగించి చూడండి. పొరలు విడిపోతే ఆ ప్లై పడవకు పనికిరాదు. ఇవి కాక, 1 మి.మీ. రాగితీగ, 5–6 లీటర్ల ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ కలిపి), దాన్ని చిక్కబరచడానికి మెత్తటి చెక్కపొడి, చదరపు మీటరుకు 200 గ్రాముల ఫైబర్ గ్లాస్ గుడ్డ, 75 మి.మీ. వెడల్పు గ్లాస్ టేపు, అంచులకు 20 × 20 మి.మీ. చెక్క బద్దలు నాలుగు కావాలి. చేతి తొడుగులూ మాస్కూ తప్పనిసరి. ఎపాక్సీకి ఒకసారి అలర్జీ మొదలైందంటే ఆ దురద మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నరుతో రుద్దకండి.

షీట్లను పొడవుగా అతకడం

ప్రతి షీటునూ నిలువునా రెండుగా కోసి, ఆ ముక్కలను కొనకు కొన అతికితే పొడవు సరిపోతుంది. అతికే కొనలను 1:8 వాలుగా చెక్కాలి. 4 మి.మీ. ప్లైకి ఆ వాలు 32 మి.మీ. వస్తుంది. ముక్కలను ఒకదానిమీద ఒకటి, ఒక్కోటి 32 మి.మీ. వెనక్కి జరిపి మెట్లలా పేర్చి, క్లాంపులు బిగించి, పదునైన చిత్రికతో అన్నిటినీ ఒకేసారి చెక్కండి. వాలు సరిగ్గా వచ్చిందో లేదో ప్లైవుడ్డే చెబుతుంది. చెక్కిన చోట పొరల మధ్య జిగురు గీతలు చారల్లా తేలతాయి. అవి తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే సరే. ఎక్కడ వంకర పోతే అక్కడ గుంట పడిందన్నమాట.

ముందు పల్చటి ఎపాక్సీ రాసి, చెక్క పీల్చుకున్నాక, చెక్కపొడి కలిపిన చిక్కటిది పూయండి. నేరుగా చిక్కటిది పూస్తే అందులోని జిగురును చెక్క లాగేసుకుంటుంది, అతుకు పొడిబారి విరుగుతుంది. క్లాంపు మరీ బిగించినా జిగురంతా బయటికి పోయి అదే గతి. ఒక రోజు కదపకండి.

తర్వాత ప్లాను ప్రకారం గీసి, గీతకు 2 మి.మీ. బయటగా జిగ్‌సాతో (వంపులు కోసే కరెంటు రంపంతో) కోయండి. కుడి పలకనూ ఎడమ పలకనూ జతగా బిగించి గీత దాకా చిత్రిక పట్టండి. రెండూ అచ్చు గుద్దినట్టు ఉండాలి.

కుట్టడం

అంచు నుంచి 10 మి.మీ. లోపలికి, 10–15 సెం.మీ.కి ఒకటి చొప్పున 2 మి.మీ. రంధ్రాలు వేయండి. తీగలు దూర్చి బయటివైపు వదులుగా మెలిపెట్టండి. పడవ రూపం మొత్తం వచ్చాకే, కొంచెం కొంచెంగా అన్నిటినీ బిగించాలి.

ఈ పనంతటిలో తొందరపడకూడని ఘట్టం ఇదే. ప్లాను చెప్పిన వెడల్పుకు తాత్కాలికంగా అడ్డబద్దలు పెట్టి, పై అంచుల మీద ముందు, నడుమ, వెనక ఒక్కో తిన్నని కర్ర అడ్డంగా ఉంచండి. ఒక కొన దగ్గర వంగి ఒంటికన్నుతో చూడండి. మూడు కర్రలూ ఒకే వరుసలో కనబడాలి. ఒకటి పక్కకు వాలితే పడవ మెలితిరిగినట్టే. ఇప్పుడైతే నాలుగు తీగలు వదులు చేస్తే సర్దుకుంటుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక ఆ మెలిక శాశ్వతం, పడవ ఎప్పుడూ ఒకవైపుకే లాగుతుంది.

ఎపాక్సీ

రెజిన్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే కలపండి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, అది ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. గిన్నె గోడలూ అడుగూ గీకుతూ కనీసం రెండు నిమిషాలు తిప్పండి. ఒక్కసారికి 200 మి.లీ. మించి కలపకండి. లోతైన గిన్నెలో ఎక్కువ ఉంటే దాని వేడి దానికే ఎక్కి పొగలు కక్కుతూ గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోస్తే ఇంకాసేపు ఆగుతుంది.

లోపలివైపు తీగల మధ్యన చిక్కటి ఎపాక్సీ చుక్కలు పెట్టి, మర్నాడు తీగలు లాగేయండి. రాకుండా మొండికేసిన తీగను టంకం ఇనుముతో వేడి చేస్తే జారి వస్తుంది. అప్పుడు కీలు పొడవునా చిక్కటి ముద్ద వేసి, గుండ్రటి కొన ఉన్న ప్లాస్టిక్ ముక్కతో నున్నగా లాగండి. పుల్లతో ఎత్తితే జారకుండా నిలబడేంత చిక్కదనం ఉండాలి. తడి పూర్తిగా పోకముందే దాని మీద గ్లాస్ టేపు పరిచి పల్చటి ఎపాక్సీతో తడపండి.

పడవను బోర్లించి, బయటి మూలలను గుండ్రంగా అరగదీయండి. పదును మూల మీద గుడ్డ కూర్చోదు, కింద గాలి మిగులుతుంది. గుడ్డ పొడిగా పరిచి, నడుమ ఎపాక్సీ పోసి, అంచులవైపు లాగండి. తెల్లగా ఉన్నచోట జిగురు చాలలేదు, తళతళలాడుతూ గుడ్డ తేలుతుంటే ఎక్కువైంది. సరిగ్గా తడిసిన గుడ్డ గాజులా మాయమై కింద చెక్క కనబడుతుంది. ఈ పని సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు పెట్టుకోండి. ఎండెక్కే వేళ చేస్తే చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలు లేస్తాయి. గుడ్డ నేత కనబడకుండా మరో రెండు పూతలు వేయండి. ఆరాక పైన జిడ్డుపొర కడితే ముందు నీళ్లతో కడిగి, తర్వాతే శాండ్‌పేపరు పట్టాలి.

అంచులు, సీట్లు, వార్నిష్

అంచు బద్దలను రెండు పక్కలా ఒకే విడతలో అతికించండి, లేకపోతే పడవ ఒకవైపు వంగుతుంది. క్లాంపులు ఎన్నున్నా చాలవు. పీవీసీ పైపును ఉంగరాలుగా కోసి, ఒక్కోదాన్ని ఒకచోట చీల్చితే చవకైన క్లాంపులు దొరికినట్టే. సీట్లు అడుగు నుంచి 25 సెం.మీ.కి అటూఇటూ ఉంచండి, ఎత్తు పెరిగేకొద్దీ పడవ ఊగుతుంది. రెండు కొనల్లో మూసిన గాలి అరలు కట్టండి. పడవ నిండా నీళ్లు వచ్చినా అవే తేలుస్తాయి.

ఎపాక్సీ ఎండకు నిలవదు. వారం ఆరనిచ్చి, అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ మూడు నాలుగు పూతలు లేదా పెయింటు వేయండి.

మొదట ఒడ్డు దగ్గర, నడుము లోతు నీళ్లలోనే, లైఫ్ జాకెట్ వేసుకుని దింపండి. పావుగంట కదలకుండా కూర్చుని కీళ్ల వెంట చూడండి. చెమ్మ ఊరినచోట పెన్సిలుతో గుర్తు పెట్టి, ఒడ్డుకు తెచ్చి పూర్తిగా ఆరాక, అక్కడ గీకి మళ్లీ ఎపాక్సీ పెట్టండి.