జంపఖానా డిజైన్లు ఆబ్జెక్ట్ డేటాబేస్‌ల సేవ్ కాకపోతే ఏం చేసిన (నా అనుభవం)

వరంగల్ కొత్తవాడల మా మామయ్యకు జంపఖానాల మగ్గాలున్నయ్, డిజైన్లన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యమన్నడు. ఒక డిజైన్‌ల అంచులు, అంచుల పట్టీలు, ఒక్కో పట్టీకి రంగు, ఇట్ల ఒకదాంట్ల ఒకటి ఉంటయ్. ముందు టేబుళ్లల డేటా దాచే మైఎస్‌క్యూఎల్‌ల పెట్టిన, నాలుగు టేబుళ్లయినయ్, ఒక్క డిజైన్ తెరవాలంటే మూడు జాయిన్లు (టేబుళ్లను ఒకదాంతోని ఒకటి కలిపేటివి) రాసుడు, వచ్చిన వరుసలను మళ్ల పైథాన్ ఆబ్జెక్టులు చేసుడు, పానం విసిగింది.

అందుకే జడ్ఓడీబీకి మారిన, ఇది పైథాన్ ఆబ్జెక్టులను అట్లనే దాచే ఆబ్జెక్ట్ డేటాబేస్. క్లాస్‌ను దాంట్ల ఉండే పర్సిస్టెంట్ అనే క్లాస్ నుంచి ఇన్హెరిట్ చేస్తే చాలు, ఆబ్జెక్టు ఉన్నదున్నట్టు డిస్క్ మీదికి పోతది, డిజైన్ నుంచి అంచుకు, అంచు నుంచి పట్టీకి సీదా పోవుడే, జాయిన్ అన్న మాటే లేదు.

ఒకరోజు పొద్దుగాల మామయ్య ఫోన్. "అల్లుడా, నిన్న ఎర్ర పట్టీ కలిపినం గదా, ఇయ్యాల చూస్తే లేదు."

కమిట్ (మార్పులను డిస్క్ మీద రాసుడు) అయింది, ఎర్రర్ ఏం రాలే. ప్రోగ్రామ్ నడిచినంత సేపు మెమరీల ఉన్నది కాబట్టి కనబడ్డది, బంద్ చేసి తెరిస్తే మాయం. రెండు గంటలు ఎతికినంక దొరికింది: పట్టీలను మామూలు లిస్ట్‌ల పెట్టిన, దాంట్ల అపెండ్ చేస్తే (చివర కొత్తది కలిపితే) ఆబ్జెక్టు మారిందని డేటాబేస్‌కు తెల్వదు, తెల్వనిది రాయదు. లిస్ట్ తీసేసి, మారినప్పుడు డేటాబేస్‌కు తెలిపే పర్సిస్టెంట్ లిస్ట్ పెట్టిన, పాత డిజైన్లకు చిన్న స్క్రిప్ట్ రాసి మార్చిన, సరైపోయింది.

ఇంకోటి, పాత వెర్షన్లు ఫైల్‌లనే ఉండి సైజు పెరుగుతది, అప్పుడప్పుడు ప్యాక్ చేసి పాతయి తీసెయ్యాలె. బిల్లులు మాత్రం మైఎస్‌క్యూఎల్‌లనే ఉంచిన, ఏ నెల ఏ షాపుకు ఎంత సరుకు పోయిందని అడిగితే అక్కడ ఒక్క క్వెరీతోని వస్తది, జడ్ఓడీబీలైతే లూప్ మనమే రాయాలె.