ట్రైలర్‌ను విప్పి చూడటం ఎలా?

కొత్త ట్రైలర్ వచ్చిందంటే ఇంట్లో ఒకరు చూసి ఇంకొకరి చేతిలో ఫోన్ పెడతారు. “విజువల్స్ అదిరిపోయాయి”, “బీజీఎం మామూలుగా లేదు” అనుకుంటాం. ఏ విజువల్ అదిరింది? దానికి ముందున్న షాట్ వల్ల అదిరిందా, దాని మీద పడిన శబ్దం వల్లనా? అలా అడిగితే తడుముకుంటాం. అందులో మన తప్పేమీ లేదు. రెండున్నర నిమిషాల్లో వంద షాట్లు దొర్లిపోతుంటే కన్నూ చెవీ కలిపి అంతా ఒకే ముద్దగా మింగేస్తాయి. ఆ ముద్దను విడదీసే పద్ధతి ఒకటుంది. షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే కుర్రాళ్లకీ, సమీక్షలు రాసేవాళ్లకీ, ఊరికే సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లకీ కూడా ఇది పనికొస్తుంది.

ఒక్క సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. సినిమాను కుదిస్తే ట్రైలర్ అయిపోదు. సినిమా కోసం తీసిన షాట్లతోనే కట్టిన మరో చిన్న సినిమా అది. థియేటరుకు వస్తే మీకు ఫలానాది దొరుకుతుందని అది మాట ఇస్తుంది: భయమో, నవ్వో, యుద్ధమో, ప్రేమో. ఆ మాట ఏ షాట్‌తో, ఏ చప్పుడుతో, ఏ కట్‌తో (ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు) ఇచ్చారో పట్టుకోవడమే మన పని.

కావలసినవి: ఒక నోటుబుక్కు, మంచి ఇయర్‌ఫోన్లు, తీరిగ్గా ఒక సాయంత్రం. ఫోన్ స్పీకర్‌తో సరిపెట్టుకోవద్దు. ట్రైలర్లలో అసలు బరువంతా మోసే లోతైన శబ్దాలు దాంట్లో దాదాపు వినపడవు. కంప్యూటర్ ఉంటే ఇంకా మేలు. యూట్యూబ్‌లో వీడియో ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వేగం 0.25కు తగ్గించుకోండి.

1. మొదటిసారి మామూలుగా చూడండి, వెంటనే మూడు ముక్కలు రాయండి

ఎక్కడ ఒళ్లు జలదరించింది, ఎక్కడ మనసు పక్కకు పోయింది, కథ ఏమిటని అనిపించింది. ఈ మూడూ రాసి పెట్టుకోండి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా షాట్లు లెక్కపెట్టడానికి దిగుతారు. మొదటి చూపు ఒక్కసారే దొరుకుతుంది. పదోసారి చూస్తున్నప్పుడు ఆ జలదరింపు రాదు, ఎక్కడ వచ్చిందో కూడా గుర్తుండదు. మీరు తర్వాత వెతకాల్సింది ఆ చోటునే.

2. ఒకే ఒక్క షాట్ ఉన్న ట్రైలర్‌తో చెయ్యి తిరగనివ్వండి

నేర్చుకునేవాళ్లకు నేను మొదట చూపించేది స్టాన్లీ కూబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ ట్రైలర్. 1980 నాటి సినిమా. సుమారు నిమిషంన్నర ట్రైలర్‌లో కెమెరా అంగుళం కదలదు, మధ్యలో ఒక్క కట్ లేదు, నటుల ముఖాలు లేవు, ఒక్క డైలాగూ లేదు. ఒక హోటల్ వరండాలో ఎర్రటి లిఫ్ట్ తలుపులు, అటూ ఇటూ కుర్చీలు. పేర్లు కింది నుంచి పైకి నెమ్మదిగా వెళ్తుంటాయి. ఏం జరగడం లేదేమిటా అనుకునేలోపు లిఫ్ట్ తలుపు పక్క నుంచి రక్తం వరదలా ఉబికి, సామాన్లను తోసుకుంటూ కెమెరా మీదికి వచ్చేస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలు వేసుకోండి. కెమెరా ఎందుకు కదలలేదు? కదిలి ఉంటే అది ఏదో వెతుకుతోందని మనకు ధీమా కలిగేది. కదలకపోవడంతో వెతకాల్సిన పని మన కళ్ల మీద పడింది. ఫ్రేమ్ కొలత పెట్టి గీసినట్టు ఎందుకుంది? అంత పద్ధతిగా ఉన్నది చెదిరితేనే చూసేవాడు ఉలిక్కిపడతాడు. పేర్లు ఎందుకు కదులుతున్నాయి? తెర మీద ఏదో ఒకటి కదలకపోతే ఆ నిరీక్షణ భరించడం కష్టం, పైగా చదివే పనిలో ఉన్నవాడు రాబోయేదాన్ని ముందుగా పసిగట్టలేడు. ఇక శబ్దం. మొదట్లో ఎక్కడో దూరంగా ఉన్నట్టుంటుంది, క్షణక్షణానికీ బిగుస్తూ పోతుంది. బొమ్మ నిలబడే ఉంది, చెవి మాత్రం పరిగెడుతోంది. ఒక్క షాట్‌లో ఇంత దొరికితే వంద షాట్లలో ఎంత ఉంటుందో ఊహించుకోండి.

3. శబ్దం పూర్తిగా ఆపేసి, కెమెరాను మాత్రమే చూడండి

ఇప్పుడు మీరు ఎంచుకున్న ట్రైలర్‌కు రండి. మ్యూట్ చేయండి. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: సమయం, షాట్ సైజు, యాంగిల్, కదలిక. మొదటి ముప్ఫై సెకన్లు, చివరి ముప్ఫై సెకన్లు రాస్తే చాలు, అంతా రాయనక్కర్లేదు.

షాట్ సైజు అంటే దూరం నుంచి చూపే లాంగ్ షాటా, మనిషి నడుం దాకా కనపడే మిడ్ షాటా, ముఖం నిండే క్లోజప్పా అని. మనుషులు చీమల్లా కనపడే లాంగ్ షాట్‌తో మొదలైన ట్రైలర్ “ఈ లోకం పెద్దది” అని చెబుతోంది. కళ్ల క్లోజప్‌తో మొదలైతే “ఇది ఈ మనిషి గొడవ” అంటోంది. యాంగిల్ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! కింద నుంచి పైకి పెట్టిన లో యాంగిల్, హీరో నడుస్తుంటే వెనక దుమ్ము, స్లో మోషన్. దాన్నే మనం ఎలివేషన్ అంటాం. అయితే అది ఎలివేషన్ అని రాసి ఊరుకోవద్దు. అలాంటి లో యాంగిల్ ట్రైలర్‌లో ఎన్నిసార్లు వచ్చింది, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది రాయండి. విలన్‌కూ అదే యాంగిల్ ఇచ్చి ఉంటే ఇద్దరూ సమ ఉజ్జీలని కెమెరా చెప్పేసినట్టే. హీరోయిన్‌కు ఒక్కసారి కూడా రాకపోతే అదీ రాయాల్సిన విషయమే.

కదలికలో తేడాలు పట్టుకోవడం మొదట్లో కష్టం. కెమెరాను ట్రాలీ అనే చక్రాల బండి మీద నెమ్మదిగా ముఖం దగ్గరికి తీసుకెళ్లడం వేరు, ఉన్నచోటే ఉండి లెన్స్‌తో జూమ్ చేయడం వేరు. ట్రాలీ అయితే వెనక గోడ, కిటికీ కూడా ముఖంతో పోలిస్తే జరుగుతున్నట్టు ఉంటాయి. జూమ్‌లో అంతా కలిసి ఒకేసారి పెద్దదవుతుంది. చేత్తో పట్టుకున్న కెమెరా అయితే ఫ్రేమ్ అంచులు వణుకుతాయి. అంచులను చూడటం అలవాటు చేసుకోండి, నటుడి ముఖం మిమ్మల్ని లాగేస్తుంటుంది.

రంగు గురించి ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫ్లాష్‌బ్యాక్ పసుపులో, వర్తమానం నీలిలో ఉంటే ఆ రంగు ఎక్కడ మారిందో గుర్తుపెట్టుకోండి.

4. కళ్లు మూసుకుని వినండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ట్రైలర్‌ను నడిపించేది కెమెరా కన్నా శబ్దమేనని ఎన్నిసార్లు విన్నా నాకు అనిపిస్తుంది. పరీక్షించాలంటే ఒక పని చేయండి. మ్యూట్‌లో చూసినప్పుడు ఒళ్లు జలదరించిందా? కళ్లు మూసుకున్నప్పుడు జలదరించిందా? మీరు మొదట రాసుకున్న ఆ చోటు దగ్గర చూడండి.

వినేటప్పుడు శబ్దాన్ని నాలుగు పోగులుగా విడదీయండి. మాటలు, సంగీతం, ఎఫెక్ట్స్, నిశ్శబ్దం. మాటల్లో మళ్లీ తెర మీద మనిషి మాట్లాడుతున్నదెంత, కనపడకుండా గొంతు మాత్రం వచ్చేదెంత అని చూడాలి. చాలా ట్రైలర్లలో ఒక పెద్దమనిషి గొంతు లోకాన్ని పరిచయం చేస్తుంది, ఆ తర్వాత మాయమవుతుంది. అది ఎప్పుడు ఆగిందో రాయండి. అక్కడే ట్రైలర్ చెప్పడం మానేసి చూపించడం మొదలుపెడుతుంది.

ఎఫెక్ట్స్‌లో మూడింటిని గుర్తుపడితే సగం పని అయినట్టే. గుండెల్లో మోగే బరువైన దెబ్బ, దాన్ని బూమ్ అంటారు. కింది నుంచి పైకి సన్నగా సాగుతూ గాలి బిగబట్టించేది రైజర్. కట్‌తో పాటే పడే చిన్న చరుపు హిట్. రైజర్ వినపడిందంటే తర్వాత ఏదో రాబోతోందని చెవికి వాగ్దానం చేసినట్టు. వచ్చిందా, లేక ఖాళీగా వదిలేశారా? మంచి ట్రైలర్ ఎడిటర్లు రైజర్‌ను పైదాకా తీసుకెళ్లి, దెబ్బ వేయకుండా నిశ్శబ్దంలోకి వదులుతారు. ఆ అర క్షణం నల్ల ఫ్రేమ్‌లో వినపడే చిన్న ఊపిరి, చీపురుతో ఊడ్చే చప్పుడు, గాజుల గలగల ఏ డ్రమ్ములూ చేయలేని పని చేస్తాయి.

1979లో వచ్చిన అంతరిక్ష భయానక సినిమా ‘ఏలియన్’ ట్రైలర్ వినండి. ఒక్క డైలాగు లేదు. నిదానంగా, దాదాపు ఏమీ జరగనట్టే మొదలవుతుంది. గుడ్డు పగిలాక, సైరన్ లాంటి కేక మళ్లీ మళ్లీ మోగుతుంటే మనుషులు పరిగెత్తే ముక్కలు చకచకా పడతాయి. అంతరిక్షంలో మీ కేక ఎవరికీ వినపడదన్నది ఆ సినిమా ప్రచార వాక్యం. ఆ వాక్యాన్నే శబ్దంతో కట్టి చూపించారు: కేక వేస్తున్నది మనుషులు కాదు, సంగీతమే.

తెలుగువాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. ఇప్పుడు పెద్ద సినిమాల ట్రైలర్లు తెలుగుతో పాటు హిందీ, తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ వస్తున్నాయి. ఒకే ట్రైలర్‌ను రెండు భాషల్లో పక్కపక్కన వినండి. బొమ్మ అదే, గొంతు మారింది. ఏ డైలాగు ముఖం చూపిస్తూ వచ్చింది, ఏది మనిషి వీపు మీదో, దూరపు షాట్ మీదో వచ్చింది? పెదవులు కనపడని చోట ఏ భాషైనా ఇట్టే కుదురుతుంది. ఆ తేడా ఒకసారి పట్టుబడ్డాక మాటకూ బొమ్మకూ ఉన్న అతుకులు మీకు వాటంతట అవే కనపడతాయి.

5. షాట్లు లెక్కపెట్టండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ తప్పించుకోవద్దు. వేగం తగ్గించి, కట్ పడ్డ ప్రతిసారీ ఒక గీత గీయండి. ఉదాహరణకు ట్రైలర్ 144 సెకన్లు ఉందనుకోండి, 96 షాట్లు లెక్క తేలాయి. సగటున ఒక షాట్ 1.5 సెకన్లు. ఈ అంకె ఒక్కటే పెద్దగా ఏమీ చెప్పదు. ట్రైలర్‌ను మూడు సమాన భాగాలు చేయండి. మొదటి 48 సెకన్లలో 16 షాట్లు, అంటే షాట్‌కు 3 సెకన్లు. రెండో భాగంలో 30, అంటే 1.6. మూడో భాగంలో 50, అంటే సెకను కూడా లేదు. ఇప్పుడు ట్రైలర్‌ను ఎలా కట్టారో బయటపడింది: ఊపిరి పీల్చుకోనివ్వడం, ముడి వేయడం, పరిగెత్తించడం. మీ ట్రైలర్ ఈ దారిలో లేకపోతే మరీ మంచిది, ఎక్కడ తిరగబడిందో అక్కడ ఆగండి. పరుగు మధ్యలో హఠాత్తుగా నాలుగు సెకన్ల షాట్ ఒకటి వచ్చిందంటే, మీరు చూడాలని వాళ్లు కోరుకున్నది అదే.

అతుకులనూ చూడండి. నేరుగా కట్ చేశారా, నలుపులోకి కరిగించారా? తర్వాతి సీను మాట ముందే వినపడి, బొమ్మ ఆ తర్వాత వచ్చిందా? దీన్ని జె-కట్ అంటారు. బొమ్మ మారినా పాత మాట ఇంకా నడుస్తుంటే ఎల్-కట్. చివర్లో టైటిల్ పడ్డాక వచ్చే చిన్న ముక్కను మాత్రం వదలొద్దు. అక్కడ జోక్ పెట్టారా, భయం పెట్టారా అన్నది వాళ్లు ఎవరిని థియేటరుకు రప్పించాలనుకుంటున్నారో చెబుతుంది.

6. ఎవరి మాట ఎవరి ముఖం మీద పడింది?

1910ల చివర్లో, 20ల మొదట్లో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడని సినిమా చరిత్రల్లో చెబుతారు. ముఖం మారకపోయినా చూసినవాళ్లకు ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయట. ట్రైలర్ రోజూ చేసే పని ఇదే. ఒక సీనులో హీరోయిన్ ఏడుపు, మరో సీనులో హీరో కింద పడటం పక్కపక్కన పెడితే మనమే కథ అల్లేసుకుంటాం.

2017 మార్చిలో వచ్చిన ‘బాహుబలి 2’ ట్రైలర్ తీసుకోండి. కట్టప్ప బాహుబలిని చంపాడని 2015లోనే మొదటి భాగం చెప్పేసింది, ఎందుకన్నది మాత్రం దాచింది. ఈ ట్రైలర్‌లో బాహుబలి నోటి వెంట అదే కట్టప్పతో, నువ్వు పక్కనుండగా నన్ను చంపేవాడు పుట్టలేదన్న అర్థంలో మాట చెప్పించారు. ముగింపు తెలిసినవాళ్లకు ఆ నమ్మకం గుండెల్లో గుచ్చుకుంటుంది. కారణం గురించి ఒక్క ముక్కా చెప్పలేదు, కానీ కారణం తెలుసుకోవాలన్న ఆరాటం రెట్టింపైంది. డైలాగు బరువు అందులోని మాటల్లో ఎంత ఉందో, చూసేవాళ్లకు ముందే తెలిసినదానిలో అంత ఉంది. మీ ట్రైలర్‌లోనూ ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మాట కొత్తవాడికి ఎలా వినపడుతుంది, అంతా తెలిసినవాడికి ఎలా?

7. చూసింది ఒక గడిలో, అనుకున్నది ఇంకో గడిలో రాయండి

“0:52 దగ్గర సంగీతం ఆగింది, రెండు సెకన్లు నల్ల ఫ్రేమ్, తర్వాత పాప కళ్ల క్లోజప్” అన్నది చూసింది. “పాపే కథకు కీలకమని చెప్పడానికి ఆపారు” అన్నది మీ ఊహ. రెండూ కావాలి, కానీ కలిపేస్తే ఎదుటివాళ్లు మీతో వాదించడానికి చోటుండదు. సినిమా విడుదలయ్యాక ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. ట్రైలర్‌లో పక్కపక్కన ఉన్న ఏ రెండు షాట్లు సినిమాలో గంట దూరంలో ఉన్నాయో, ఏ డైలాగు వేరే మనిషితో అన్నదో, ఏ షాట్ అసలు లేనే లేదో, అదే రాత్రి ఇంటికొచ్చి మీరు రాసిన ఊహల పక్కన ఎర్ర సిరాతో రాసుకోండి.