కొత్త ఎయిర్ రైఫిల్: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

తిరుపతి, చిత్తూరు వైపు మొదటిసారి స్పోర్ట్స్ రైఫిల్ కొనేవాళ్ళలో ఎక్కువమంది తీసుకునేది 0.177 ఎయిర్ రైఫిలే. కారణం లైసెన్స్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్ (బారెల్ లోపలి రంధ్రం) 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, బారెల్ మూతి దగ్గర శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మందు తూటాలు కాల్చే పాయింట్ టూటూ (0.22) రైఫిల్‌కి మాత్రం కావాల్సిందే. అందుకే ఇక్కడ ఎయిర్ రైఫిల్ సంగతే ఎక్కువగా చెప్తాను, టూటూ గురించి చివర్లో కొంచెం.

నేను చూసినంతలో కొత్త రైఫిల్ వాడకంతో పాడయ్యేది తక్కువ, అతి సేవతో పాడయ్యేది ఎక్కువ. నూనె పోస్తారు, రోజూ బారెల్ తోముతారు, కనిపించిన స్క్రూనల్లా తిప్పుతారు. కింద చెప్పిన ఏ సమస్యకైనా ముందు బయటి నుంచి చూసుకుంటూ రండి. లోపలికి చెయ్యి పెట్టడం ఆఖరి పని.

ఏం చేసే ముందైనా రైఫిల్‌లో పెల్లెట్ (సీసపు గుండు) లేదని కళ్ళతో చూసుకోండి. పెల్లెట్ల డబ్బా వేరే గదిలో పెట్టండి. బారెల్ మడిచే రకమైతే పూర్తిగా మడిచి కాక్ చేసి (కాల్చడానికి స్ప్రింగ్ బిగించి), ఆ స్థితిలో శుభ్రం చేయొద్దు. పొరపాటున ట్రిగ్గర్ తగిలితే బారెల్ ఒక్కసారిగా మూసుకుని వేళ్ళు నలుగుతాయి. గుడ్డ దూర్చడానికి కాక్ కాకుండా కొద్దిగా వంచితే సరిపోతుంది.

సమస్య: కొత్తది, పెట్టెలోంచి తీసి కాలిస్తే పొగ వస్తోంది, టపాకాయలా శబ్దం

భయపడక్కర్లేదు. రవాణాలో తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు బారెల్ లోపల, సిలిండర్‌లో నూనె పూసి పంపుతారు. స్ప్రింగ్ రైఫిల్‌లో స్ప్రింగ్ తోసిన పిస్టన్ గాలిని ఒక్క దెబ్బతో నొక్కేసరికి ఆ గాలి బాగా వేడెక్కి, అక్కడున్న నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్‌లో జరిగేది కూడా ఇదే. అందుకే దీన్ని డీజిలింగ్ అంటారు.

బారెల్‌లోంచి పొడి గుడ్డ ముక్కలు నూనె మరక రాకుండా అయ్యేదాకా లాగండి. ఎయిర్ గన్ల కోసం అమ్మే ఫెల్ట్ బిళ్ళలున్నా పనికొస్తాయి. తర్వాత మామూలు బరువు పెల్లెట్లతో కొంచెంసేపు కాలిస్తే మిగిలిన నూనె కాలిపోయి పొగ ఆగిపోతుంది. ఆగకుండా రోజుల తరబడి గట్టిగా పేలుతుంటే సిలిండర్‌లో నూనె ఎక్కువుందన్నమాట. అలాగే వాడితే పిస్టన్ సీలు కాలుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. మెకానిక్‌కి చూపించాల్సిందే.

ఎక్కువసార్లు దీనికి కారణం కంపెనీ నూనె కూడా కాదు, ఇంట్లో పోసిన నూనె. గాలి రంధ్రంలో కుట్టుమిషన్ ఆయిల్ వేస్తే స్మూత్‌గా ఉంటుందని ఎవరో చెప్తారు, వీళ్ళు వేస్తారు. కుట్టుమిషన్ ఆయిల్ బయటి ఇనుముకి పూయడానికి పర్వాలేదు, సిలిండర్ లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు. కొబ్బరినూనె ఎక్కడా వద్దు. చల్లటి పూట గడ్డకడుతుంది, రోజులు గడిస్తే జిగురవుతుంది.

సమస్య: గురి చెదురుతోంది

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. "అన్నా, బారెల్ వంకర ఉన్నట్టుంది" అని ఫోన్ చేసే తమ్ముళ్ళకి నేను అడిగే మొదటి ప్రశ్న: స్టాక్ స్క్రూలు ఎప్పుడు బిగించావు?

స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండువైపులా అదురుతుంది. ఆ అదురుకి కర్ర స్టాక్‌ని (భుజానికి ఆనించే భాగాన్ని) పట్టుకుని ఉండే స్క్రూలు మెల్లగా వదులవుతాయి. దానికి తోడు మన దగ్గర మే నెల ఎండకు కర్ర ఎండి, వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. సరిపడే అలెన్ కీతో బిగించండి. బలం చూపించొద్దు, కర్ర చిట్లుతుంది. చేతికి గట్టిగా తగిలితే ఆపేయండి.

స్క్రూలు బాగున్నాయంటే స్కోప్‌ని (గురి చూసే దుర్బిణిని) రైఫిల్‌కి బిగించే మౌంట్ చూడండి. రైలు మీద అది వెనక్కి జారుతుంటే గీత కనిపిస్తుంది. రైలునీ మౌంట్ లోపలి భాగాన్నీ నూనె లేకుండా తుడిచి మళ్ళీ బిగించాలి. మౌంట్ కదలకుండా ఉన్నా గురి తిరుగుతుంటే స్కోపే పోయుండొచ్చు. రెండువైపుల అదురుకి తయారుచేయని మామూలు స్కోప్ స్ప్రింగ్ రైఫిల్ మీద ఎక్కువకాలం నిలవదు.

తర్వాత పెల్లెట్లు. డబ్బా కిందపడితే వాటి పల్చటి అంచు సొట్టపోతుంది, సొట్టపోయిన పెల్లెట్ నేరుగా పోదు. చెమ్మ తగిలిన పాత డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అవి వాడొద్దు. రెండు మూడు బ్రాండ్లు కొని ఏది మీ బారెల్‌కి పడుతుందో చూసుకోండి. ఒకే మోడల్ రైఫిళ్ళు రెండుంటే వాటికి నచ్చే పెల్లెట్లు వేరువేరుగా ఉండొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మీ పట్టు చూసుకోండి. స్ప్రింగ్ రైఫిల్‌ని గట్టిగా పట్టుకుంటే, లేదా పిట్టగోడ మీద నేరుగా ఆనించి కాలిస్తే, అదురు ఒక్కోసారి ఒక్కోలా వెళ్తుంది. అరచేతి మీద వదులుగా, ప్రతిసారీ అదే చోట ఆనించి కాల్చండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. అంత చిన్నచోట పట్టులో తేడా ఇట్టే బయటపడుతుంది.

బారెల్ శుభ్రం చేయడం ఆ తర్వాత. ఎయిర్ రైఫిల్‌లో మందు కాలదు, మసి పట్టదు. లోపల ఉండేది కొంచెం సీసం పొడి మాత్రమే. గురి మెల్లమెల్లగా చెడుతుంటేనే శుభ్రం చేయండి. ఇత్తడి, స్టీలు బ్రష్షులు వద్దు. మెత్తటి తాడుకి గుడ్డ ముక్క కట్టి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపుకి లాగాలి. మూతి అంచు గీసుకుపోతే ఆ బారెల్ గురి ఇక నమ్మలేం. శుభ్రం చేశాక మొదటి పది ఇరవై పెల్లెట్లు అటూఇటూ పోతాయి. బారెల్ మళ్ళీ సర్దుకుంటోందంతే, టార్గెట్ మీద ఆ దెబ్బల గుంపు చూసి స్కోప్ తిప్పకండి. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం ఒంట్లోకి పోకూడదు.

టెస్ట్ చేయడానికి శేషాచలం అడవివైపు పోవద్దు. అక్కడ ఎర్రచందనం నిఘా ఎలా ఉంటుందో తెలిసిందే, తుపాకితో కనిపిస్తే మీ మాట వినిపించుకునేవాళ్ళు ఉండరు. పిట్టల మీద గురి చూసుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మిద్దె మీదో పెరట్లోనో కాల్చేటట్టయితే టార్గెట్ వెనుక పెల్లెట్ ఆగేలా ఇసుక పెట్టె ఉండాలి, అటువైపు ఎవరూ తిరగకూడదు.

సమస్య: దెబ్బలో బలం తగ్గింది

బారెల్ మూసుకునే చోట ఉండే సీలు అరిగుండొచ్చు. టార్గెట్ వైపు గురిపెట్టి, ఆ జాయింట్ మీద పల్చటి టిష్యూ ముక్క ఉంచి పెల్లెట్‌తో కాల్చండి. టిష్యూ ఎగిరితే గాలి అక్కడే లీకవుతోంది. ఆ సీలు చిన్నది, చవక, మీరే మార్చుకోవచ్చు. టిష్యూ కదలకపోతే పిస్టన్ సీలో, స్ప్రింగో. అది ఇంట్లో విప్పే పని కాదు. లోపల నొక్కిపెట్టిన స్ప్రింగ్ ముఖం మీదకి ఎగురుతుంది, దానికి ప్రత్యేకమైన బిగింపు కావాలి. పెల్లెట్ లేకుండా కాల్చే అలవాటుంటే అదే అసలు కారణం కావచ్చు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా పోయి గుద్దుకుంటుంది. బలం పెంచే స్ప్రింగ్ వేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 20 జౌళ్ళు దాటితే అది లైసెన్స్ లేని ఆయుధం అవుతుంది.

సమస్య: బ్లూ పూత (ఇనుము మీది నీలినల్ల పూత) మీద ఎర్రటి చుక్కలు

చెమట. రైఫిల్ పట్టుకున్న వేళ్ళ అచ్చులే రెండు రోజుల్లో తుప్పుగా తేలతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో తిరుపతిలో గోడలే చెమర్చుతుంటాయి, ఇనుము సంగతి చెప్పాలా? 2021 నవంబరు వానలు చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు.

చుక్కలు లేతగా ఉంటే నూనె తడిపిన మెత్తటి గుడ్డతో ఓపిగ్గా రుద్దండి. గరుకు కాగితం వాడితే తుప్పుతోపాటు పూత కూడా పోతుంది. కాల్చిన ప్రతిసారీ బయటి ఇనుమంతా పొడి గుడ్డతో, ఆపైన ఒక్క చుక్క నూనె రాసిన గుడ్డతో తుడవడం రెండు నిమిషాల పని. ఏసీ గదిలోంచి నేరుగా బయటి ఉక్కపోతలోకి తెస్తే ఇనుము మీద నీరు పడుతుంది, కాసేపాగి తుడవండి. స్పాంజి ఉన్న బ్యాగు ఇంటికి తీసుకురావడానికే. నెలల తరబడి దాంట్లో పెడితే స్పాంజి చెమ్మని పట్టి ఉంచుతుంది. తాళం వేసే బీరువాలో, సిలికా జెల్ సంచులతో, పిల్లలకి అందకుండా పెట్టండి.

మన ఇళ్ళలో ఇంకొకటుంది: ఆయుధ పూజ. దసరా రోజు బారెల్‌కి తడి గంధం, కుంకుమ బొట్లు పెట్టి పండగ సందడిలో మర్చిపోతారు. వారం తర్వాత చూస్తే బొట్టు కింద బొట్టంత తుప్పు. అమ్మ మాట కాదనక్కర్లేదు, బొట్టు కర్ర స్టాక్‌కో, పెట్టెకో పెట్టించండి. బారెల్‌కే పెట్టాలంటే ఆ సాయంత్రమే తుడిచేయండి.

సమస్య: పీసీపీలో గాలి నిలవడం లేదు

పీసీపీ అంటే ముందే సిలిండర్‌లో అధిక ఒత్తిడితో గాలి నింపుకుని కాల్చే రైఫిల్. నింపగానే 200 బార్ (ఒత్తిడి కొలత), గంటకి 190 చూపిస్తే అది లీక్ కాకపోవచ్చు. నింపేటప్పుడు వేడెక్కిన గాలి చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది. మెల్లగా నింపి, చల్లారాక మళ్ళీ చూడండి. రాత్రికి రాత్రి దిగిపోతుంటే జాయింట్ల దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగలు వెతకండి, వెంటనే తుడిచేయండి. గాలి పూర్తిగా ఖాళీ చేశాకే ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) మార్చాలి, దానికి సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి. చేతిపంపుతో నింపేవాళ్ళు మధ్యమధ్యలో ఆగి పంపులో చేరిన చెమ్మని వదిలేయాలి, లేకపోతే సిలిండర్ లోపలే తుప్పు మొదలవుతుంది.

పంక్చర్ షాపు గాలి ఈ ఒత్తిడికి దరిదాపుల్లోకి రాదు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ ఉంది కదా అనే ఆలోచన మాత్రం ఎప్పుడూ రానివ్వకండి. గ్రీజు, ఆక్సిజన్ అధిక ఒత్తిడిలో కలిస్తే పేలుతుంది. నింపిన సిలిండర్‌ని మే ఎండలో మూసిన కారులో వదిలేయొద్దు. 27 డిగ్రీల దగ్గర నింపినది 60 డిగ్రీలకి చేరితే 200 బార్ 220 దాటుతుంది. కారు మాట వచ్చింది కాబట్టి, కొండకి పోయే రోజు డిక్కీలో రైఫిల్ లేదని చూసుకోండి. అలిపిరి తనిఖీలో అది బయటపడితే దర్శనం సంగతి దేవుడెరుగు.

సమస్య: ట్రిగ్గర్ బిగుసుగా ఉంది, లేదా మరీ తేలిక

మాన్యువల్‌లో చెప్పిన స్క్రూ ఒక్కటే, చెప్పినంతే తిప్పండి. నూనె వేయొద్దు, దుమ్ము పట్టి పేస్టులా అవుతుంది. కాక్ చేసినప్పుడు దానంతట అదే పేలుతుంటే వాడకం ఆపేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

టూటూ రైఫిల్ కొన్నవాళ్ళకి

ఇక్కడ మందు కాలుతుంది కాబట్టి శుభ్రత లెక్క వేరు. ఖాళీ కేసు బయటికి రాకుండా ఇరుక్కుంటుంటే ముందు చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) మసి, మైనం వలయంలా పేరుకుందేమో చూడండి. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే భాగం) తీసేసి, వెనుక నుంచి రాడ్‌తో సాల్వెంట్ తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డలు పంపండి. శుభ్రం చేసినా ఇరుక్కుంటుంటే, ఖాళీగా ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ తగిలి చాంబర్ అంచు నలిగుండొచ్చు. అది లైసెన్సున్న గన్‌స్మిత్ చేయాల్సిన పని. దాచేటప్పుడు బారెల్‌లో పల్చగా పూసిన నూనెని కాల్చే ముందు పొడి గుడ్డతో తీసేయకపోతే మొదటి తూటాలు పక్కకి పోతాయి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బోల్ట్ తెరవకండి. బారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, తర్వాత తీసి కేసు అంచు చూడండి. పిన్ దెబ్బ లోతుగా పడి ఉంటే తప్పు తూటాది. లేతగా పడి ఉంటే బోల్ట్‌లో గ్రీజు గడ్డకట్టిందేమో చూసి శుభ్రం చేయాలి. పేలని తూటాని మళ్ళీ పెట్టి ప్రయత్నించకుండా రేంజ్ వాళ్ళకి అప్పగించండి.