తిరుపతి నుంచి బాలికి లాప్‌టాప్‌తో: టికెట్ తీసుకునే ముందు

ఏప్రిల్ నుంచి బాలిలో వానలు తగ్గి, పడమటి తీరంలో సర్ఫింగ్‌కు మంచి అలలు వస్తాయి. నెలా రెండు నెలలు అక్కడి నుంచే పని చేద్దామనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• వీసా. దిగగానే ఇచ్చేదానికి 5 లక్షల రుపియా (ఇండోనేషియా కరెన్సీ, మన రూపాయి కాదు), గడువు 30 రోజులు. ఇంకో 30 రోజులు ఒక్కసారే పొడిగిస్తారు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియా జరిమానా, అంటే వారానికే మీ బడ్జెట్ తలకిందులు. పైగా అది పర్యటన వీసా. రిమోట్ ఉద్యోగులకు వేరే వీసా ఉంది, దానికి ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపాలి.

• ఇన్సూరెన్స్. సర్ఫింగ్ దెబ్బలు, స్కూటర్ ప్రమాదం రెండూ పాలసీలో ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చదవండి. అక్కడ చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపితే క్లెయిమ్ రావడం కష్టం.

• న్యేపి. బాలి హిందువుల మౌన దినం, మన ఉగాదిలాగే శక సంవత్సరాది. 2025లో మార్చి 29న వచ్చింది. ఆ రోజు విమానాశ్రయం మూత, మొబైల్ డేటా బంద్. ఆఫీసులో ముందే సెలవు చెప్పండి.

• సమయం. బాలి మనకంటే రెండున్నర గంటలు ముందు. మన ఉదయం 10 అక్కడ మధ్యాహ్నం 12:30. కాబట్టి పొద్దున్నే అలలు, తర్వాత పని.

• అద్దె సర్ఫింగ్ బోర్డు. తీసుకోగానే రెండు వైపులా, అడుగున ఉండే ఫిన్నుల (చిన్న రెక్కల) దగ్గర కూడా ఫొటోలు తీయండి. పాత పగులుకు మీ దగ్గర డబ్బు అడగకుండా ఉంటుంది.

• విమానం రేణిగుంట నుంచి లేదు. చెన్నై లాంటి పెద్ద విమానాశ్రయానికి వెళ్లి ఎక్కాలి. అక్కడిదాకా కారు ఖర్చూ లెక్కలో వేయండి.