రోడ్ల లేయరు బంగాళాఖాతంలో తేలితే
అనంతపురం వైపు ఒక పట్టణం రోడ్ల లేయరును (కంప్యూటర్ మ్యాపులో రోడ్లు మాత్రమే ఉండే పొర) రాష్ట్ర సర్వే లేయరు మీద వేస్తే, రోడ్లు సుమారు 640 కిలోమీటర్లు తూర్పుకు జరిగి సముద్రంలో పడ్డాయి. కారణం యూటీఎం జోను, అంటే మ్యాపు కొలతల కోసం భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా విడదీసి ఒక్కోదానికి ఇచ్చిన నంబరు. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర 43, తూర్పున 44. రాష్ట్రంలో ఎక్కువ భాగం 44లో ఉంది కదా అని అన్ని ఫైళ్లకూ అదే తగిలించేస్తారు. ఈ పట్టణం ఫైలేమో 43లోది.

మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ముందు 'సెట్ లేయర్ సీఆర్ఎస్'తో (సీఆర్ఎస్ అంటే ఫైలు ఏ కొలత పద్ధతిలో ఉందో చెప్పే గుర్తు) జోను 43 కోడు ఈపీఎస్‌జీ 32643 ఇచ్చాను. ఆ తర్వాతే 'రీప్రొజెక్ట్ లేయర్'తో జోను 44 కోడు 32644కు మార్చాను. మొదటిది ఫైల్లోని స్థానాల అంకెల్ని ముట్టుకోదు, రెండోది మార్చేస్తుంది. మొదటిది మరిచి రెండోది నొక్కితే తప్పు కొత్త ఫైల్లోకి ఎక్కి కూర్చుంటుంది.

రెండు శాఖల పట్టికల్ని కలిపేటప్పుడు ఊరి పేర్లతో జాయిన్ పెట్టొద్దు, శాఖకో స్పెల్లింగు. ఎల్‌జీడీ (కేంద్రం ప్రతి ఊరికీ నంబరిచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడే దిక్కు. మ్యాపు డేటాను పలు ఫైళ్లుగా వచ్చే షేప్‌ఫైల్ బదులు ఒకే ఫైలుగా ఉండే జియోప్యాకేజ్‌లో అడగండి. షేప్‌ఫైల్‌తో వచ్చే, అక్షరాల ఎన్‌కోడింగ్ చెప్పే సీపీజీ ఫైలు జారిపోతే తెలుగు పేర్లు పిచ్చిగీతలైపోతాయి.